కర్మణి వాక్యం

హో పట్నంలో జనవరి.
ఎడారి నుంచి వచ్చిన హర్మటాన్ గాలి
లైబ్రరీ కిటికీలకి ఎర్రదుమ్ము పూసి పోయింది.
ఆరుగురం, నాలుగు కంప్యూటర్లు,
జనరేటర్‌లో డీజిల్ ఉన్నంతసేపే మా చదువు.

అకోర్ఫా మేడమ్ ఇచ్చిన పని చిన్నదే:
లోకమంతా చదివే విజ్ఞానసర్వస్వంలో
మన వోల్టా సరస్సు పేజీని బాగుచెయ్యండి.

పేజీ తెరిస్తే
డ్యామ్ ఎత్తు ఉంది, నీటి వైశాల్యం ఉంది,
చేపలకి లాటిన్ పేర్లు కూడా ఉన్నాయి.
పిల్లలకి మాత్రం ఒకటే వాక్యం:
"కొందరు పిల్లలు చేపలవేటలో సాయపడతారు."

సాయపడతారు!
సెలోమ్ పెన్ను మూత కొరికి
"అమ్మబడతారు" అని మార్చాడు.
మేడమ్ వెనక నిలబడి చదివింది.
"ఎవరు అమ్మారు? ఎవరు కొన్నారు?
ఈ వాక్యానికి చేతులేవీ?"

కర్తని దాచడానికి
వ్యాకరణంలోనే ఒక చీకటిగది ఉందని
అప్పుడు తెలిసింది నాకు.
తీసుకెళ్ళబడ్డారు, ఉంచబడ్డారు, కొట్టబడ్డారు...
అందరూ పడ్డవాళ్ళే,
పడేసినవాడు ఒక్కడూ లేడు.

జీఫా ఒప్పుకోలేదు.
"మా తమ్ముడు శనివారాలు మామయ్య పడవెక్కుతాడు,
సోమవారం బడికొస్తాడు,
వల అల్లడం నాకంటే బాగా వచ్చు వాడికి.
వాణ్ణి కూడా మీ లెక్కలో కలిపేశారా?"

రెండు నివేదికలు, రెండు అంకెలు.
ఒకటి ఒడ్డున నిలబడి
పడవల్లో తలలు లెక్కపెట్టింది.
ఇంకొకటి ఊళ్ళకి పోయి తల్లుల్ని అడిగింది.
కెంకీ ముద్దలు ఆకుల్లోనే చల్లారిపోయాయి.
ఎవరు ఎవరి మీద అరిచారో ఇప్పుడు గుర్తులేదు.
"ఈ అంకె మీద ఏకాభిప్రాయం లేదు"
అని రాయడానికి మాకు మూడురోజులు పట్టింది.

ఆ మూడురోజులూ కఫుయి నోరెత్తలేదు.
వాడిది ఒకటే వాక్యం.
సరస్సు నిండినప్పుడు మునిగిన అడవి
నీళ్ళ కింద ఇంకా నిలబడే ఉంది.
మోడుల్లో వల చిక్కుకుంటుంది,
విడిపించడానికి చిన్నవాళ్ళు మునుగుతారు.
అది రాశాడు.
గంట తిరక్కుండా, ఏ దేశం నుంచో, ఎవరో
పక్కన ఒక చీటీ అంటించి పోయారు:
ఆధారం కావాలి.

కఫుయి తెరవైపు చూసి
రెండు చేతులూ బల్ల కిందకి తీసుకున్నాడు.
ఎడమచేతికి రెండు వేళ్ళు వంగవు.
నియమాల ప్రకారం వేళ్ళు ఆధారం కావు.
"సరే," నవ్వాడు, "అచ్చయిందే కావాలి కదా."

పదకొండు రోజులు వెతికాడు.
మత్స్యశాఖ పాత భవనం నేలమాళిగలో
చెదలు తిన్న కట్టల మధ్య
ఎవరో పరిశోధకుడు రాసి మరిచిపోయిన నివేదిక,
అరవైరెండో పేజీ. నకలు తెచ్చాడు.
దాన్లో ఒక ఫోటో: పడవ, అయిదుగురు పిల్లలు,
కళ్ళ మీద నల్లపట్టీలు.
చివరివాడి మోకాళ్ళ దగ్గర
వాడి బొటనవేలు చాలాసేపు ఆగింది.
మేము అడగలేదు. వాడూ చెప్పలేదు.

సాయంత్రం మళ్ళీ రాశాడు.
"పడవ యజమానులు పిల్లల్ని నీళ్ళలోకి దింపుతారు."
ఈసారి కర్త ఉన్నాడు, కర్మ ఉంది, క్రియ ఉంది,
తోకకి పదిహేడో నెంబరు ఫుట్‌నోట్ ఉంది.
సేవ్ నొక్కిన నిమిషానికి జనరేటర్ దగ్గి ఆగిపోయింది.

పొద్దున చూస్తే మళ్ళీ ఎవరో చెయ్యి పెట్టారు:
"కొందరు పడవ యజమానులు."
సెలోమ్ గుర్రుమన్నాడు, చెరిపెయ్యబోయాడు.
కఫుయి వాడి మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఉండనీ, అది నిజమే.
ఇద్దరన్నదమ్ముల్లో పెద్దాయన మమ్మల్ని దింపేవాడు కాదు.
చలికాలం రాత్రుళ్ళు తన చొక్కా ఇచ్చేవాడు."

ఆ మాటకి
ఆధారం ఎవ్వరం అడగలేదు.